పదకొండు మొలకలు

“ఒక్క సంచీ చూపించి మిగతావి దాచేస్తే ఏం చేస్తాం?” అంది సీతాదేవి, సిడ్నీ శివారు స్కోఫీల్డ్స్‌లో ఇంటి ముందు కారు స్టార్ట్ చెయ్యకముందే.

పక్క సీట్లో లీలావతి ఫోన్ చెవికి ఆనించుకుని ఉంది. మూడు రోజులుగా వినిపిస్తున్నదే మళ్ళీ వినిపించింది: ఒక ఈల, ఆ తర్వాత ఈ నంబరు అందుబాటులో లేదని ఇంగ్లీషులో ఒక ఆడగొంతు. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని టైం చూసుకుంది. రెండుంబావు. పావుగంటకోసారి చేస్తోంది, ఒక్కసారీ తప్పకుండా.

సీతాదేవి బుర్రలో ముందు చెడు వస్తుంది, మంచి తర్వాత వస్తుంది. కొడుకు జశ్వంత్ యూనివర్సిటీ నుంచి పది నిమిషాలు ఆలస్యంగా వస్తే ట్రైను పట్టాలు తప్పిందనే అనుకుంటుంది. ‘మమ్, ప్లీజ్ చిల్’ అంటాడు వాడు. బాపట్లలో పదో తరగతితో చదువాపి, పెళ్ళయి సిడ్నీ వచ్చి, షాపింగ్ సెంటర్లో సెక్యూరిటీ కుర్చీలో ఎనిమిదేళ్ళు కూర్చుని, ఆఖరికి ప్రైవేటు డిటెక్టివ్ లైసెన్సు తెచ్చుకున్న మనిషి. ఇప్పుడు ఆ భయమే ఆవిడకి అన్నం పెడుతోంది. ఎక్కడ ఏం చెడిపోవచ్చో వంద రకాలుగా ఊహించుకునేవాళ్ళకి, నిజంగా చెడిపోయిన చోటు కనబడకుండా పోదు.

ఈసారి చెడింది మాత్రం ఇక్కడ కాదు. ఎక్కడో దక్షిణ అట్లాంటిక్ సముద్రం చిట్టచివర, మెర్రిడన్ అనే దీవిలో. లీలావతి కూతురు సాయిప్రియ అక్కడ పక్షులు లెక్కపెట్టే ఉద్యోగం చేస్తోంది. చుట్టూ నిలువుగోడల్లాంటి కొండలు. రేవు లేదు, చెట్టు లేదు, ఊరు లేదు. దిగాలన్నా ఎక్కాలన్నా ఓడ మీంచి వచ్చే హెలికాప్టరే. ఆరుగురు మనుషులు, లక్షల పక్షులు. ఆ దీవిని కాపాడే ట్రస్టు వాళ్ళకి ఒకటే పట్టుదల, బయటి గింజ ఒక్కటి కూడా అక్కడ మొలవకూడదని. మొలిచిందంటే రెండేళ్ళలో కొండంతా పాకుతుంది, పక్షి గూడు కట్టుకునే గడ్డి చస్తుంది. అందుకే అక్కడికి వెళ్ళే ప్రతి మనిషి కోటూ, బూట్లూ, సంచులూ సిడ్నీలోనే ఒక ప్యాకింగ్ షెడ్డులో వాక్యూమ్ చేసి, జేబుల మూలలు బ్రష్షుతో దులిపి మరీ పంపుతారు.

ఐదు రోజుల కిందట సాయిప్రియ గుడిసె పక్కన పదకొండు మొలకలు కనిపించాయి. మర్నాడే షెడ్డు కంపెనీ నుంచి ట్రస్టుకి ఉత్తరం వెళ్ళింది. అవి ఆవ మొలకలనీ, డిసెంబరు నాలుగున ఆ అమ్మాయి కోటు అంచులో తమకి గింజల పొట్లం దొరికిందనీ, మిగిలినవి ఆమెతోనే దీవికి వెళ్ళి ఉంటాయనీ దాని సారాంశం. దీవిలో టీమ్ లీడర్ క్రెయిగ్ ఆమె ముందు ఒక కాగితం పెట్టాడు, తప్పు నాదేనని సంతకం పెట్టమని. పెడితే ఈ జన్మలో ఏ రక్షిత దీవిలోనూ కాలు పెట్టనివ్వరు. పెట్టాక ఎవరు ఏ రుజువు తెచ్చినా వినేవాళ్ళుండరు. ఇవాళ సిడ్నీ టైం సాయంత్రం ఐదింటికి, అంటే అక్కడ తెల్లవారి ఆరింటికి, హెలికాప్టర్ వచ్చి అందర్నీ ఓడెక్కిస్తుంది. ఆ పిల్ల శాటిలైట్ ఫోన్ మూడు రోజుల నుంచి కలవడం లేదు.

కొండ అంచున కాలు జారి పడిపోయిందేమోనన్న ఊహ సీతాదేవికి పొద్దుట్నించి నలభైసార్లు వచ్చింది. లీలావతికి చెప్పలేదు. చెప్పకపోయినా ఆవిడకీ అదే వచ్చిందని తెలుసు.

షెడ్డు గేటు దగ్గర జైన్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. హైదరాబాద్ మనిషి, కెల్లీవిల్‌లో ఉంటాడు, పన్నెండేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి వదిలేశాడు. కంపెనీ తరఫున పరిశోధకుడు ఇప్పుడు. ఇంతకుముందు రెండు కేసుల్లో ఇద్దరూ ఎదురుబొదురు పడ్డారు. ఒకటి అతను గెలిచాడు, ఒకటి ఆవిడ గెలిచింది.

“ఏంది ఆంటీ, వంటింటి నుంచి డైరెక్టుగ వచ్చినట్టున్నరు. బ్యాగుల గింజలేమన్న ఉన్నయా?” అన్నాడు. లోపలికి గింజ తీసుకెళ్ళడం నిషేధమని బోర్డు చూపించాడు. సీతాదేవి హ్యాండ్‌బ్యాగ్ బోర్లించింది. బస్సు కార్డు, తలనొప్పి మాత్రలు, పిన్నీసులు, రెండు ఇలాచీలు. జైన్ ఇలాచీల్ని పట్టకారుతో పట్టుకుని, బాంబు దొరికినట్టు డబ్బాలో వేసి మూత పెట్టాడు.

“వెళ్ళేటప్పుడు ఇచ్చెయ్యి నాయనా. అవి లేకపోతే నాకు టీ దిగదు,” అంది సీతాదేవి.

లోపల గది ఆసుపత్రి గదిలా తెల్లగా ఉంది. మధ్యలో స్టీలు బల్ల, గోడ పక్కన వాక్యూమ్ మిషను, చివర తాళం వేసిన అల్మారా. షెడ్డులో పనిచేసే వంశీధర్ బల్ల దగ్గర తల వంచుకుని నిలబడి ఉన్నాడు. విజయనగరం నుంచి చదువుకోడానికి వచ్చి, ఇదే కంపెనీ వీసా స్పాన్సర్‌షిప్ మీద ఆగిపోయిన కుర్రాడు. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. ఇద్దర్నీ చూసి ‘నమస్తే ఆంటీ’ అన్నాడు గానీ, లీలావతి మొహం వంక చూడలేకపోయాడు. సీతాదేవి అది చూసింది, దాచుకుంది.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ప్రతి మనిషి సామానుకీ వాక్యూమ్ మిషన్లో కొత్త దుమ్ముసంచీ వేస్తారు. పని అయ్యాక ఆ సంచీ ఊడదీసి, పేరూ తేదీ టైమూ రాసి, సీలు వేసి, ఏడాదిపాటు దాచిపెడతారు. రేపు దీవిలో ఏదన్నా మొలిస్తే, ఎవరి బట్టల్లోంచి ఏం దొరికిందో వెనక్కి వెళ్ళి చూసుకోడానికి. సీతాదేవి దారి పొడుగునా దడిసింది ఆ సంచుల గురించే.

జైన్ ఒకే సంచీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. సాయిప్రియ పేరు, డిసెంబరు నాలుగు, రెండుంబావు నుంచి మూడుంబావు. కింద వంశీధర్ చేతిరాత: గింజలు, ఉప్పు, నల్లగుడ్డ, తీసివేసినవి.

మూడుంబావుకి లీలావతి మళ్ళీ ఫోన్ చేసింది. ఈల. ఆడగొంతు.

సీలు తెంపి తెల్లటి పళ్ళెంలో గుమ్మరించారు. బట్టల నూగు, ఒక బూడిదరంగు ఈక, ఉప్పురవ్వలు, బొటనవేలంత నల్లగుడ్డ పీలిక, దాని చుట్టూ చెదిరిన ఆవాలు. జైన్ ఇదీ సంగతి అన్నట్టు లీలావతి వైపు చూశాడు.

సీతాదేవి ఇన్ని చెడ్డలు ఊహించింది గానీ, తన పక్కనే కూర్చుని కారులో వచ్చిన మనిషి తనకి అబద్ధమాడుతుందని ఊహించలేదు. పొట్లం సంగతి కంపెనీవాళ్ళ కట్టుకథ అని లీలావతే చెప్పింది, రెండుసార్లు.

“లీలావతి గారూ,” అంది మెల్లగా, “ఇది మీ కుట్టేనా?”

లీలావతి బల్ల అంచు పట్టుకుంది. తర్వాత అంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. పిల్ల వెళ్ళే ముందు వారం రోజులు జ్వరపడి లేచింది. పేపర్లో దాని ఫోటో వచ్చినప్పటినుంచీ అందరి కళ్ళూ దాని మీదే. దిష్టి తీసి, ఆ ఉప్పూ ఆవాలూ నల్లగుడ్డలో మూటగట్టి, కోటు అంచు విప్పి లోపల పెట్టి మళ్ళీ కుట్టింది. కూతురికి చెప్పలేదు, చెప్తే తీసేస్తుందని. గింజ అంటేనే ఆ పిల్లకి పెద్ద పామును చూసినట్టు. దొరికిందని తెలిశాక సిగ్గుతో సీతాదేవికీ చెప్పలేకపోయింది.

“ఒప్పుకున్నట్టే కదా,” అన్నాడు జైన్. గొంతులో వెటకారం లేదు, అలసట ఉంది. “తల్లి ప్రేమ, ఆంటీ. కేసు అయిపోయింది. ఆ పిల్లని సంతకం పెట్టి ఇంటికి రమ్మనుండ్రి.”

“నేనింకా పూర్తిగా చెప్పలేదు బాబూ,” అంది లీలావతి. అప్పటిదాకా నేల చూస్తున్న మనిషి తలెత్తింది. “దాని పనేంటో నాకు తెలీదా? గింజ మొలిస్తే ఆ దీవి పోతుందని నిద్దట్లో కూడా కలవరించేది. నా భయం నాది, దాని భయం దానిది. రెండూ తీరాలని ఆ ఆవాల్ని బాణలిలో చిటపటలాడేదాకా వేయించి, చల్లారాక కట్టాను. పొగకి ఇంట్లో అలారం మోగింది. కింద ఇంటి ఆవిడ వచ్చి తలుపు కొట్టింది కూడా.”

సీతాదేవి కళ్ళద్దాలు పెట్టుకుని పళ్ళెం మీదికి వంగింది. ఒక ఆవగింజ తీసి గోటికింద పెట్టి నొక్కింది. పచ్చి ఆవగింజయితే రాయిలాగా జారి పక్కకి ఎగిరేది. ఇది చిట్లి పొడైపోయింది. ఇంకొకటి. అదీ అంతే. పళ్ళెం జైన్ ముందుకి జరిపింది.

“నువ్వే నొక్కి చూడు నాయనా. నా గోరు అబద్ధమాడుతుందని రేపు రాస్తావు.”

జైన్ మూడు గింజలు నొక్కాడు. తర్వాత ఇంకో ఐదు. ప్రతిదీ పొడయింది. చేతులు దులుపుకున్నాడు.

“వేయించినవి కూడ అక్కడక్కడ పచ్చివి ఉండొచ్చు,” అన్నాడు, తనే నమ్మనట్టు.

అప్పుడు సీతాదేవి ఫోన్లో మొలకల ఫోటో తెరిచింది, కంపెనీ తమ ఉత్తరంతో జతచేసినదే. పదకొండు మొలకలు, అరచేతి వెడల్పులో, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ. కోటు అంచులోంచి రాలితే నడిచిన దారంతా ఒకటిక్కడ, ఒకటక్కడ పడతాయి. ఇలా ఒకేచోట గుంపుగా రావాలంటే పిడికిలితో చల్లాలి. తన పెరట్లో మెంతులు చల్లే తీరు అదే.

“మిగతా ఐదు సంచులూ కావాలి,” అంది.

జైన్ కుదరదన్నాడు. ఫిర్యాదు ఒక్క మనిషి మీదే కాబట్టి ఆమె సంచీ మాత్రమే చూపిస్తామన్నాడు. సీతాదేవి ట్రస్టు ఇచ్చిన అనుమతి కాగితం విప్పింది. ఓడ కదిలేదాకా, ఆ రోజు ప్యాక్ చేసిన సామాను ఆధారాలన్నీ చూడొచ్చని ఉంది అందులో. అతను అది చదివి, అయినా ఓనరుని అడగాలన్నాడు. ఓనరు ఫోనెత్తడన్నాడు. అల్మారా తాళంచెవి తన దగ్గర లేదన్నాడు. అబద్ధం, తాళంచెవి అతని బెల్టుకే వేలాడుతోంది.

“నాకు పదో తరగతే జైన్ బాబూ,” అంది సీతాదేవి. “నీ అంత ఇంగ్లీషు రాదు. కానీ లైసెన్సు నీదీ నాదీ ఒకటే రంగు. నువ్వు తియ్యకపోతే నేనిక్కడే ఈ కుర్చీలో కూర్చుంటాను. ఐదు దాటాక కూడా కూర్చుంటాను. రేపొద్దున నువ్వు పళ్ళు తోముకుని వచ్చేసరికి ఇక్కడే ఉంటాను. నా మొండితనం నీకు కొత్త కాదు.”

జైన్ గడియారం చూశాడు. నాలుగుంబావు. లీలావతి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. ఈల, ఆడగొంతు. ఆ చప్పుడు గదిలో అందరికీ వినిపించింది. అతను మెల్లగా బెల్టు నుంచి తాళంచెవి తీశాడు.

ఐదు సంచులు వరసగా బల్ల మీదికి వచ్చాయి. ఐదింటి మీదా డిసెంబరు నాలుగే, ఒక్కోదానికీ గంట. అన్నీ సరిగ్గా రాసి ఉన్నాయి. సీతాదేవి మొదటిది పైకెత్తి చూసి జైన్‌కి అందించింది. బరువు లేదు. రెండోదీ లేదు. దుమ్ము పోయే కన్నానికి ఫ్యాక్టరీలో అంటించిన కాగితం అంటించినట్టే ఉంది, చింపనైనా లేదు. ఐదూ అంతే. మిషనుకి ఒక్కసారి కూడా తగిలించని కొత్త సంచులు.

జైన్ మొహం రంగు మారింది. ఆ మొహం నటన కాదని సీతాదేవి గ్రహించింది. ఇతన్ని కూడా ఎవరో మోసం చేశారు.

“ఒక్కదానివి మాత్రం ఎందుకు దులిపారు, వంశీ?” అని అడిగింది.

జవాబు ఆవిడే చెప్పింది. కిందటేడు షెడ్డు నుంచి పెట్టెలు మట్టితోనే వస్తున్నాయని ట్రస్టుకి ఫిర్యాదు రాసింది సాయిప్రియ. ఫిర్యాదు చేసినవాళ్ళ సామాన్లో లోపం ఉండకూడదు కదా. మిగతా ఐదుగురూ అడగరు, అందుకే లేబుళ్ళు మాత్రం రాశారు.

“ఇంకొకటి,” అంటూ కంపెనీ ఉత్తరం విప్పింది. “నీ చీటీలో ‘గింజలు’ అనే ఉంది. ఫోటోలో మొలకకి రెండే ఆకులు. ఆ వయసులో ఆవ మొలకనీ క్యాబేజీ మొలకనీ పక్కపక్కన పెడితే నేనే తికమకపడతాను. కానీ ఉత్తరంలో మాత్రం ‘ఆవాలు’ అని ఖాయంగా రాశారు. ఇక్కడ పళ్ళెం చూడకుండా, అక్కడ మొక్క పెరగకుండా, అవి ఆవాలని ఎవరికెలా తెలిసింది?”

జైన్ నుదురు రుద్దుకున్నాడు. క్రెయిగ్ ఈమెయిల్లో అలా రాశాడు, దాన్ని చూసే తను ఉత్తరం తయారుచేశాడు. క్రెయిగ్ ఈ షెడ్డు ఓనరుకి బావమరిది, ఆ సంగతి కూడా అతని నోటి నుంచే వచ్చింది, ఎవరూ అడక్కుండానే. సాయిప్రియ ఫిర్యాదు నిలిస్తే షెడ్డుకి ఈ పని పోతుంది, ఆమెనే దోషిని చేస్తే ఆ ఫిర్యాదే పోతుంది.

ముగ్గురూ వంశీధర్ వైపు తిరిగారు. అతను గోడకి ఆనుకుని కిందికి జారి, నేల మీద కూర్చుండిపోయాడు. చాలాసేపు చేతివేళ్ళే చూసుకున్నాడు. తొందరపెట్టబోయిన జైన్‌ని సీతాదేవి చేత్తోనే ఆపింది. ఆవిడకి తెలుసు, ఇలాంటి మౌనాన్ని లాగితే తెగుతుంది, వదిలేస్తే దానంతటదే విప్పుకుంటుంది.

“ఆ పొట్లం చూసి నవ్వాను ఆంటీ,” అన్నాడు చివరికి. “మా అమ్మ కూడా అలాగే పెట్టేది. అదే టైంకి క్రెయిగ్ వచ్చాడు. ఏంటవి అన్నాడు. ఆవాలు, మా అమ్మలు దిష్టికి పెడతారు అని చెప్పాను. కొత్తవాళ్ళకి గింజలు చూపించి ట్రైనింగ్ ఇస్తాను, పచ్చివి ఒక ప్యాకెట్ తెచ్చిపెట్టు అన్నాడు. మర్నాడు స్కోఫీల్డ్స్ షాపులో కొని ఇచ్చాను. నిజంగా ట్రైనింగుకే అనుకున్నాను. మొలకల సంగతి విన్నాక అర్థమైంది. వీసా భయంతో నోరు మూసుకున్నాను.”

లీలావతి ఒక్క మాట కూడా తిట్టలేదు. అంతకన్నా అతనికి తిట్టే నయమనిపించి ఉంటుంది.

సీతాదేవి బుర్ర అప్పటికే ఇంకో చెడు దగ్గరికి వెళ్ళిపోయింది. దీవిలో ఇప్పుడెవరెవరున్నారని జైన్‌ని అడిగింది. అతను ఫోన్లో ఓడ వాళ్ళ సమాచారం వెతికాడు. చదువుతూ చదువుతూ ఆగిపోయాడు.

“నలుగురు నిన్ననే ఓడెక్కిన్రు,” అన్నాడు. “సాయిప్రియ అవతలి కొండ గుడిసెల ఉంది. ఆమెను తీసుకురావడానికి క్రెయిగ్ ఒక్కడే ఆగిండు.”

నాలుగూ నలభై. అక్కడ ఇంకా సరిగ్గా తెల్లవారి ఉండదు. రేవు లేని దీవి. నిలువు కొండలు. కాలు జారిందని చెబితే కాదనేవాళ్ళు ఉండరు. సీతాదేవి ఆ మాట పైకి అనలేదు. జైన్ మొహంలోనూ అదే ఊహ కనిపించింది. అతను బయటికి పరుగెత్తి ఓడ కెప్టెన్‌కి ఫోన్ కలపడం మొదలుపెట్టాడు, హెలికాప్టర్ని ముందే లేపమని.

లీలావతి మళ్ళీ నంబరు నొక్కింది. ఫోన్ బల్ల మీద పెట్టి స్పీకరు వేసింది. ఈల రాలేదు. ఆడగొంతూ రాలేదు. రింగయింది. ఐదు, ఆరు, ఏడు. ఎత్తారు.

గాలి హోరు తప్ప ఏమీ లేదు.

“ప్రియా,” అంది లీలావతి. “అమ్మనే.”

గాలి. ఎవరో ఊపిరి పీల్చుకుంటున్నట్టు ఒక చిన్న శబ్దం. దూరంగా, చెక్క మీద గుద్దుతున్నట్టు మూడు దెబ్బలు, ఆగి మళ్ళీ మూడు. ఒక మగగొంతు ఇంగ్లీషులో ఏదో అంది, ‘యువర్ మదర్’ అన్న మాట ఒక్కటే తెలిసింది.

అప్పుడు అర్థమైంది సీతాదేవికి, ఆ పిల్ల మూడు రోజులు ఎందుకు ఫోన్ ఆపేసుకుందో. కాలు జారీ కాదు, బ్యాటరీ అయిపోయీ కాదు. సంతకం పెట్టకపోతే గింజలు పంపిన మీ అమ్మ మీద కేసు పెడతారని క్రెయిగ్ బెదిరించి ఉంటాడు. మాట్లాడితే అమ్మని ‘నువ్వు పెట్టావా’ అని అడగాలి. అడిగితే అమ్మ అవునంటుందని ఆ పిల్లకి భయం.

లీలావతికి కూడా అర్థమైనట్టుంది. ఫోన్ మీదికి వంగింది.

“నేనే పెట్టానమ్మా. నీకు చెప్పకుండా పెట్టాను, తప్పే. కానీ అవి వేయించిన ఆవాలు. ఒక్కటి కూడా మొలవదు. ఇక్కడ అందరి ముందూ నొక్కి చూశాం, అన్నీ పొడయ్యాయి. నీ దగ్గర మొలిచినవి నావి కావు. వాడే తెచ్చి చల్లాడు. నా కోసమని నువ్వు ఏ కాగితం మీదా చెయ్యి పెట్టకు. కేసంటావా, పెట్టుకోమను. నేను కోర్టుకి బాణలి పట్టుకుని వస్తాను.”

అవతల ఏమీ లేదు. గాలి. మళ్ళీ మూడు దెబ్బలు, ఈసారి గట్టిగా, చెక్క విరిగిపోయేలా. సీతాదేవి గోడ గడియారం వైపు చూడలేదు. వంశీధర్ నేల మీంచి లేచి నిలబడ్డాడు. గుమ్మంలో జైన్ రెండో ఫోన్ పట్టుకుని, హెలికాప్టర్ లేచిందని, పన్నెండు నిమిషాలని వేళ్ళతో చూపించాడు. గాలి అలా హోరెత్తుతూనే ఉంది, పోయిందేమో లైను అనిపించేంతసేపు.

“అలారం మోగిందా అమ్మా?” అంది సాయిప్రియ.

“మోగింది తల్లీ. ఇల్లంతా పొగ.”

కాగితం చిరుగుతున్న చప్పుడు, ఒకసారి, ఇంకోసారి. ఆ తర్వాత బల్లలాంటి బరువైనదేదో నేల మీద ఈడ్చి తలుపుకి అడ్డం పెట్టిన చప్పుడు.

“మొలకలు మట్టితో సహా డబ్బాలో ఉన్నాయి. నా దగ్గరే. వాణ్ణి తలుపు కొడుతూ ఉండనీ,” అంది ఆ పిల్ల. “నేను తియ్యను.”